దొంగకు పనికిరాని పెట్టె

అనంతపురం నుంచి బెంగుళూరు వెళ్ళే పెద్ద రోడ్డు మీద పెనుకొండ అనే ఊరు ఉంది. ఊరిని ఆనుకుని పెద్ద కొండ, కొండ మీద పాత కోట. 1565లో రాక్షస తంగడి యుద్ధం జరిగి విజయనగరం పాడయిపోయిన తరవాత రాజులు తమ రాజధానిని ఈ పెనుకొండకు మార్చుకున్నారు. సొమ్ము ఉన్నచోట దొంగభయమూ శత్రుభయమూ ఉంటాయి గదా! అందుకని రాళ్ళతో ఎత్తయిన గోడలు కట్టారు. బలమైన తలుపులు పెట్టారు. పగలూ రాత్రీ కాపలా ఉంచారు. సొమ్మును కాపాడుకోవటానికి ఆ రోజుల్లో అందరికీ తెలిసిన మార్గం అదే.

ఇప్పుడు ఆ కొండకు కొద్ది దూరంలోనే, ఎర్రమంచి అనే పల్లె దగ్గర, కార్లు తయారు చేసే పెద్ద కర్మాగారం ఉన్నది. దక్షిణ కొరియా దేశానికి చెందిన కియా కంపెనీ దాన్ని కట్టింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే కరువు సీమ అది. వేరుశనగ చేలూ, రాతిగుట్టలూ ఉండే ఆ చోట 2019 నుంచీ కార్లు తయారవుతున్నాయి. 2023లో పది లక్షలవ కారు బయటికి వచ్చింది.

ఈ కాలపు కార్లలో స్టీరింగు చక్రం పక్కన పలకంత తెర ఒకటి ఉంటుంది. మీరు చూసే ఉంటారు. అది పాటలు పాడుతుంది, వార్తలు చెబుతుంది, దారి చూపుతుంది. కారు వెనక్కు నడిచేటప్పుడు వెనక ఏమున్నదో కూడా చూపిస్తుంది. అంత విలువగల పెట్టె చుట్టూ కోటగోడ ఏదీ లేదు. ఉన్నదల్లా ఒక గాజు అద్దం. గట్టిగా ఒక్క దెబ్బ వేస్తే అది కాస్తా పగిలి ముక్కలవుతుంది.

మరి దొంగలు ఆ పెట్టెను ఎత్తుకుపోరా? ఒకప్పుడు ఎత్తుకుపోయేవారు. ఒకచోటా రెండుచోట్లా కాదు, ప్రపంచంలోని పెద్ద నగరాలన్నిటిలోనూ ఎత్తుకుపోయేవారు. తరవాత తరవాత ఆ దొంగతనాలు బాగా తగ్గిపోయాయి. దొంగలందరూ బుద్ధిమంతులై పోయారా అంటే అదేమీ లేదు. ఆ పెట్టెనే దొంగకు పనికిరాకుండా చేశారు. అది ఎట్లా జరిగిందో తెలుసుకుందాం. ఆ ఉపాయం కార్లకే గాక, మన ఇంట్లో వస్తువులకూ, మన పొలంలో మోటార్లకూ కూడా సంబంధించినది.

బరువు తగ్గితే భయం పెరిగింది

కారులో రేడియో పెట్టే అలవాటు దాదాపు నూరేళ్ళ నాటిది. 1930లో అమెరికాలోని చికాగో నగరంలో పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అనే అన్నదమ్ములు కారుకు అమర్చే రేడియోను తయారు చేయించి అమ్మకానికి పెట్టారు. దానికి ‘మోటరోలా’ అని పేరు పెట్టారు. దాని ఖరీదు 110 నుంచి 130 డాలర్లు. ఆ కాలంలో 600 డాలర్ల లోపే ఒక మంచి కారు వచ్చేది. అంటే కారు ఖరీదులో సుమారు అయిదో వంతు రేడియోకే పెట్టాలన్న మాట!

అంత ఖరీదైన వస్తువును అప్పటి దొంగలు ఎందుకు తేలికగా పట్టుకుపోలేకపోయారు? ఎందుకంటే అది ఒకచోట ఉండేది కాదు. లోపల వాల్వులనే గాజుబుడ్లు ఉండేవి. అవి వేడెక్కితేగాని రేడియో పలకదు. వాటికోసం వేరే బ్యాటరీలు కావాలి. పెట్టె ఒకచోట, స్పీకరు ఒకచోట, బ్యాటరీలు కారు నేల కింద ఇంకొకచోట ఉండేవి. దాన్ని బిగించటమే గంటల పని. విప్పటమూ అంతే. దొంగకు అంత తీరిక ఎక్కడిది?

1947లో శాస్త్రజ్ఞులు ట్రాన్సిస్టర్ కనిపెట్టారు. గాజుబుడ్డి చేసే పనిని శనగగింజంత ముక్క చెయ్యటం మొదలుపెట్టింది. 1955లో అమెరికాలోనే పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే కారు రేడియో వచ్చింది. 1963లో ఫిలిప్స్ కంపెనీ వారు అరచేతిలో ఇమిడే టేపు క్యాసెట్టును తెచ్చారు. ఆ తరవాత కార్లలో రేడియోతోపాటు టేపు కూడా చేరింది. రెండు పక్కల నుంచి రెండు స్పీకర్లు పాడే ‘స్టీరియో’ వచ్చింది. పెట్టె చిన్నదైంది, తేలికైంది, ఒకచోటికి చేరింది. ఎక్కువ విలువగల వస్తువు తక్కువ బరువుతో ఉంటే దొంగకు అంతకంటే ఏం కావాలి!

ఒకటే కొలత

దొంగలకు ఇంకొక విధంగా కూడా కలిసివచ్చింది. అది ఎవరూ చెడు తలపెట్టి చేసిన పని కాదు. నిజానికి చాలా మంచి పని.

ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క కొలతతో రేడియో తయారు చేస్తే, ఒక కారులోది ఇంకొక కారులో పట్టదు. పాడైతే కొత్తది దొరకదు. అందుకని జర్మనీ దేశంలో వస్తువుల కొలతలు నిర్ణయించే సంస్థవారు, కారు రేడియోకు కారులో ఉండవలసిన సందు ఇంత వెడల్పు, ఇంత ఎత్తు అని ఒక కొలత నిర్ణయించారు. అది 182 మిల్లీమీటర్ల వెడల్పు, 53 మిల్లీమీటర్ల ఎత్తు. మీ స్కేలుతో గీసి చూడండి. అన్నం డబ్బా అంత కూడా ఉండదు. 1984లో ప్రపంచ ప్రమాణాల సంస్థ కూడా ఆ కొలతను ఒప్పుకున్నది. చాలా దేశాలలోని కార్ల కంపెనీలు దాన్ని పాటించాయి.

దీనివల్ల కొనుక్కునేవారికి ఎంతో మేలు జరిగింది. ఏ కంపెనీ పెట్టె అయినా ఏ కారులోనైనా సరిపోతుంది. కాని ఆ మేలు దొంగకు కూడా జరిగింది. ఒక కారులోంచి లాగిన పెట్టె ఏ కారులోనైనా సరిపోతుంది గనక, దాన్ని ఎవరికైనా అమ్మవచ్చు. అద్దం పగలగొట్టటం, పెట్టెను లాగటం, తీగలు కోయటం, అంతా కలిసి కొద్ది నిమిషాల పని.

మన దేశంలోనూ 1983 డిసెంబరులో మారుతి కార్లు వచ్చిన తరవాత కార్లు ఎక్కువయ్యాయి, వాటితోపాటు స్టీరియోలూ ఎక్కువయ్యాయి. సినిమాకు వెళ్ళినవారు తిరిగి వచ్చేసరికి సీటు నిండా గాజు ముక్కలు, పెట్టె ఉన్నచోట వేళ్ళాడే తీగలు కనిపించటం నగరాలలో మామూలైపోయింది.

చంకలో రేడియో

అప్పుడు జనం రకరకాల ఉపాయాలు పన్నారు. కొన్ని వింటే మీకు నవ్వు వస్తుంది.

అమెరికాలోని న్యూయార్కు నగరంలో 1980 ప్రాంతాలలో చాలామంది ‘ఇందులో రేడియో లేదు’ అని అట్టముక్క మీద రాసి కారు అద్దానికి తగిలించేవారు. ‘బాబూ దొంగా, అనవసరంగా అద్దం పగలగొట్టకు’ అని బతిమాలుకోవటం అన్నమాట.

ఇటలీ దేశంలో ఇంకొక పద్ధతి బయలుదేరింది. రేడియోను సొరుగులాగా బయటికి లాగేటట్టు తయారు చేశారు. దానికి ఒక పిడి కూడా ఉండేది. కారు ఆపినప్పుడల్లా పెట్టె లాగి చేతపట్టుకు పోవాలి. హోటలుకు భోజనానికి వెళ్ళేవాళ్ళు రేడియోలు చంకన పెట్టుకుని వెళ్ళి, బల్ల మీద పళ్ళెం పక్కన పెట్టుకుని తినేవారు! పెట్టె క్షేమంగానే ఉండేది. కాని ఎక్కడికి వెళ్ళినా చంటిపిల్లవాణ్ణి మోసినట్టు మొయ్యాలి. నాలుగు రోజులు మోసి, విసుగు పుట్టి, అయిదోరోజున కారులోనే వదిలేసేవాళ్ళు కొందరు.

అందుకని కంపెనీలవారు పెట్టె మొత్తానికి బదులు దాని ముఖం ఒక్కటే ఊడి వచ్చేట్టు చేశారు. మీటలన్నీ ఆ ముఖం మీదే ఉంటాయి. ముఖం తీసి జేబులో వేసుకుంటే వెనక మిగిలేది మొండి పెట్టె. దాన్ని ఎత్తుకుపోయి దొంగ ఏం చేసుకుంటాడు? ఇది తెలివైన ఉపాయమే. కాని కొందరు ఆ ముఖాన్ని జేబులో పెట్టుకోకుండా కారులోనే ముందు అరలో దాచేవారు. దొంగలు ఆ సంగతి కనిపెట్టి, ముందు ఆ అర తెరిచి చూడటం నేర్చుకున్నారు.

ఈ ఉపాయాలన్నిటిలోనూ లోపం ఒకటే. ప్రతిసారీ మనిషి గుర్తుపెట్టుకుని ఏదో ఒక పని చెయ్యాలి. మనిషి ఒకనాడు కాకపోతే ఒకనాడు మరిచిపోతాడు. దొంగ ఆ ఒక్కరోజు కోసమే కాచుకుని ఉంటాడు. మనిషి మరిచినా మరవని కాపలాదారు కావాలి.

పెట్టెకు జ్ఞాపకశక్తి

ఆ కాపలాదారును పెట్టె లోపలే కూచోబెట్టారు. అదే రహస్య అంకె.

ఇది ఎట్లా పనిచేస్తుందో చూడండి. కారు స్టీరియోకు వెనక ఉన్న తీగలలో రెండు ముఖ్యమైనవి ఉంటాయి. మామూలుగా ఎర్రతీగలో కారు తాళంచెవి తిప్పినప్పుడే కరెంటు వస్తుంది. పసుపుతీగ మటుకు బ్యాటరీకి ఎప్పుడూ కలిసే ఉంటుంది. కారు ఆగి ఉన్నా దానిలో కరెంటు ఉంటుంది. గడియారం నడవటానికీ, మీరు వినే స్టేషన్లను పెట్టె గుర్తుంచుకోవటానికీ ఆ కొద్ది కరెంటు అవసరం.

దొంగ పెట్టెను లాగాలంటే ఆ పసుపుతీగను కూడా తెంచక తప్పదు. తెంచగానే పెట్టెకు కరెంటు ఆగిపోతుంది. మళ్ళీ ఎక్కడ, ఏ కారులో తగిలించినా, ‘నాకు మధ్యలో కరెంటు పోయింది, నన్ను ఎవరో కదిలించారు’ అని పెట్టె గ్రహిస్తుంది. వెంటనే తెర మీద రహస్య అంకె అడుగుతుంది. సరి అయిన అంకె చెప్పేదాకా నోరు మెదపదు.

కరెంటు పోయినప్పుడు పెట్టె అన్నీ మరిచిపోతే, ఆ అంకెను మటుకు ఎట్లా మరిచిపోదు? పలక మీద సుద్దతో రాసినదాన్ని తుడిచేయవచ్చు. అదే రాతి మీద చెక్కిన శాసనం వందల ఏళ్ళున్నా చెరిగిపోదు. అట్లాగే జ్ఞాపకం ఉంచుకునే చిప్పులలో రెండు రకాలున్నాయి. ఒకరకం కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకుంటుంది. రెండోరకం కరెంటు లేకపోయినా గుర్తుంచుకుంటుంది. రహస్య అంకె ఉండేది ఈ రెండోరకం చిప్పులో.

ఇక దొంగ ఊహించి చెప్పలేడా? లెక్క వేద్దాం. నాలుగు స్థానాల అంకె అనుకోండి. 0000 నుంచి 9999 దాకా మొత్తం 10,000 అంకెలు ఉంటాయి. ఒక్కొక్కటి నొక్కటానికి 5 సెకండ్లు పడితే, అన్నీ నొక్కి చూడటానికి 50,000 సెకండ్లు పడుతుంది. అంటే 14 గంటలకంటే తక్కువే. ఓపిక గల దొంగ ఒకరోజు కూచుంటే చాలు! ఇది పెద్ద కాపలా అనిపించుకోదు.

అందుకని ఇంకొక చిన్న నియమం చేర్చారు. మూడుసార్లు తప్పు చెబితే పెట్టె గంటసేపు ఇంక ఏ అంకె చెప్పినా వినదు అనుకోండి. అప్పుడు గంటకు మూడు అంకెలే చెప్పటానికి వీలు. 10,000 అంకెలకు 3,333 గంటలకు పైగా కావాలి. దాన్ని 24తో భాగించి చూడండి. దాదాపు 139 రోజులు! తిండీ నిద్రా మాని కూచున్నా నాలుగున్నర నెలలు పట్టవచ్చు. అంకె పెద్దది చెయ్యలేదు, తలుపు మందం పెంచలేదు. తప్పు చేసినవాణ్ణి కాసేపు ఆగమన్నారు, అంతే. మీ ఇంట్లో ఫోనుకు తప్పు అంకెలు చాలాసార్లు కొడితే, కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించమంటుంది. కారణం ఇదే.

అయితే ఇంత చేసినా ఒక చిక్కు మిగిలింది. పెట్టెలో రహస్య అంకె ఉన్నదని దొంగకు ముందుగా తెలియకపోతే ఏమవుతుంది? వాడు అద్దం పగలగొడతాడు, పెట్టె లాగుతాడు, తీసుకుపోయిన తరవాత అది పలకదని తెలుసుకుని పారవేస్తాడు. దొంగకు లాభం లేదు, కాని కారు సొంతదారుకు పెట్టే పోయింది, అద్దమూ పోయింది. అందుచేత కంపెనీలవారు కారు అద్దానికి అంటించుకోవటానికి ఒక కాగితం కూడా ఇచ్చేవారు: ‘ఈ రేడియోకు రహస్య అంకె ఉన్నది.’ పెట్టె మీద ఒక చిన్న ఎర్రదీపం రాత్రంతా మినుకు మినుకుమంటూ ఉండేది. కాపలా ఉన్నదని దొంగకు తెలియాలి. తెలియని కాపలా సగం కాపలాయే.

ఆ తరవాత ఇంకొక అడుగు ముందుకు వేశారు. ప్రతి కారుకూ పుట్టుకతోనే 17 అక్షరాల, అంకెల గుర్తు ఒకటి ఉంటుంది. ఏ కంపెనీ చేసింది, ఏ రకం కారు, ఎన్నోది అనే సంగతులు దానిలో ఇమిడి ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలలో ఐ, ఓ, క్యూ అనే మూడింటిని దానిలో వాడరు. ఐని చూసి ఒకటి అనీ, ఓని చూసి సున్నా అనీ పొరపడతారని! చాలా కొత్త కార్లలో పాటల తెర ఈ గుర్తును జ్ఞాపకం ఉంచుకుంటుంది. కారులోని మిగతా యంత్రాలతో తీగల ద్వారా మాట్లాడి, తాను సొంత కారులోనే ఉన్నానా అని చూసుకుంటుంది. వేరే కారులో పెడితే పని చెయ్యదు. పైగా ఇప్పుడు ఒక్కొక్క కారు తెర ఒక్కొక్క ఆకారంలో ఉంటున్నది. ఒకటే కొలత అనే సౌకర్యం దొంగకు పోయింది.

గుర్తు ఉంటే చాలదు, లెక్క కూడా ఉండాలి

ఇంతవరకు వచ్చాక, ‘అన్నిటికీ గుర్తులు వేస్తే దొంగతనాలే ఉండవు గదా!’ అని మీరు అనవచ్చు. అట్లా కాదని మన పెనుకొండలోనే తెలిసింది.

కారు ఇంజను మీద కూడా ఒక అంకె చెక్కి ఉంటుంది. 2025 మార్చిలో పెనుకొండ కియా కర్మాగారం వారు తమ ఇంజన్లు కొన్ని కనిపించటం లేదని పోలీసులకు ఫిర్యాదు చేశారు. కొన్ని కాదు, దాదాపు 900 ఇంజన్లు! ఒక్క ఇంజనును ఒక మనిషి ఎత్తలేడు. మరి అన్ని ఇంజన్లు ఒక్కరాత్రిలో ఎట్లా పోయాయి? ఒక్కరాత్రిలో పోలేదు. కొన్ని సంవత్సరాలపాటు కొద్ది కొద్దిగా పోతూ వచ్చాయని దర్యాప్తులో బయటపడింది. గోడలున్నాయి, గేట్లున్నాయి, ప్రతి ఇంజనుకూ అంకె ఉన్నది. అయినా పోయాయి. లోపలి సంగతులు బాగా తెలిసినవారి చెయ్యి ఉన్నదని పోలీసులు అనుమానించారు, కొందరిని అరెస్టు చేశారు.

దీన్ని బట్టి మనకు ఏం తెలుస్తున్నది? రహస్య అంకెగల పెట్టె తనంతట తానే ప్రశ్న అడుగుతుంది. ఇనుము మీద చెక్కిన అంకె అడగలేదు. ఎవరో ఒకరు దాన్ని చదివి, పుస్తకంతో సరిచూడాలి. వచ్చినవెన్ని, వాడినవెన్ని, మిగిలినవెన్ని అని చూసేవారు ఉండాలి. గొర్రెల కాపరి సాయంత్రం దొడ్డి తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్క గొర్రెనూ లోపలికి వదులుతూ లెక్కపెడతాడు. ఒక గొర్రె తగ్గితే ఆ పూటే వెతుకుతాడు. నెలకొకసారి లెక్కపెట్టే కాపరికి మంద మిగలదు.

గుర్తూ, లెక్కా రెండూ కలిస్తే ఎంత మేలు జరుగుతుందో సెల్‌ఫోన్లను చూస్తే తెలుస్తుంది. ప్రతి ఫోనుకూ 15 అంకెల గుర్తు ఉంటుంది. ఫోను టవరుతో కలిసేటప్పుడు, అడిగితే ఆ గుర్తు కూడా చెబుతుంది. దొంగ పాత సిమ్ముకార్డు తీసి కొత్తది వేసినా ఫోను గుర్తు మారదు. 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ‘సంచార్ సాథీ’ అనే ఏర్పాటును దేశమంతటా అమలులోకి తెచ్చింది. పోయిన ఫోను గుర్తును దానిలో నమోదు చేస్తే, ఆ ఫోను దేశంలో ఏ కంపెనీ సిమ్ముతోనూ పని చెయ్యకుండా ఆపుతారు. అనంతపురం జిల్లా పోలీసులు కూడా, ఫోను పోయినవారు స్టేషనుకు రాకుండానే వాట్సాప్‌లో ఫిర్యాదు చేసే ఏర్పాటు చేశారు. ఆ విధంగా వేలకొద్దీ ఫోన్లు వెతికి తెచ్చి సొంతదారులకు ఇచ్చారు.

రాగికి జ్ఞాపకం లేదు

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన సంగతి చెబుతాను. గుర్తు వెయ్యటానికి వీలులేని వస్తువు పోతే ఏం చెయ్యాలి?

అనంతపురం సీమలో నీళ్ళు వందల అడుగుల లోతున ఉంటాయి. రైతు అప్పుచేసి బోరు వేయిస్తాడు. దానిలోకి మోటారు దింపుతాడు. కరెంటు స్తంభం నుంచి స్టార్టరుకూ, స్టార్టరు నుంచి మోటారుకూ తీగ వేస్తాడు. ఆ తీగ లోపల ఉండేది రాగి. రాత్రివేళ పొలంలో ఎవరూ లేనప్పుడు దొంగలు ఆ తీగను కోసుకుపోతారు. పైన ఉన్న ప్లాస్టిక్కును కాల్చివేసి రాగిని పాత సామాను కొట్లో తూకానికి అమ్ముతారు. ట్రాన్స్‌ఫార్మర్లను పగలగొట్టి లోపలి రాగి చుట్టలను పట్టుకుపోయే దొంగలు కూడా ఉన్నారు.

దొంగకు వచ్చేది కొద్దిపాటి డబ్బు. రైతుకు పోయేది మటుకు తీగ ఖరీదు ఒక్కటే కాదు. ఎండాకాలంలో నాలుగు రోజులు నీరు ఆగితే చీనీ తోటలో పిందెలు రాలిపోతాయి. ఇంకా ఆగితే చెట్లే ఎండిపోతాయి. చీనీ మొక్క నాటి కాపు కోసం నాలుగైదేళ్ళు ఎదురుచూడాలి. ఒక్కరాత్రి కోసుకుపోయిన తీగతో అన్నేళ్ళ కష్టమూ పోవచ్చు. కారులో పాటల పెట్టె పోతే పాట ఆగుతుంది. బోరు తీగ పోతే పంట ఆగుతుంది.

రాగితీగకు రహస్య అంకె పెట్టలేము. దాని మీద పేరు చెక్కినా, 1,085 డిగ్రీల వేడిలో కరిగిస్తే పేరూ ఉండదు, గుర్తూ ఉండదు. కరిగిన రాగి అంతా ఒకటే.

అయినా రైతులు ఊరుకోలేదు. కొందరు తీగను భూమిలో లోతుగా పాతుతున్నారు. కొందరు సెల్‌ఫోనుతో నడిచే స్టార్టర్లు పెట్టుకున్నారు. వాటిలో కొన్నిటికి, తీగ కొయ్యగానే రైతు ఫోను మోగే ఏర్పాటు కూడా ఉంటుంది. దాని కిటుకు చాలా తేలిక. తీగ గుండా ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు పోయి తిరిగి వస్తూ ఉంటుంది. తిరిగి వస్తున్నంతసేపూ అంతా క్షేమమని అర్థం. తీగ తెగగానే తిరిగి రావటం ఆగిపోతుంది. ఆగిన మరుక్షణం గంట మోగుతుంది. దొంగ ఏ చోట కోసినా ఫలితం ఒకటే. పసుపుతీగ తెగగానే కారు పెట్టె మూగపోయిందే, అది కూడా ఇదే కిటుకు. అక్కడ తీగ తెగితే పెట్టె నోరు మూసుకుంటుంది. ఇక్కడ తీగ తెగితే గంట నోరు తెరుస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, కొనేవాడు ఒక ఎత్తు. దొంగ రాగిని తినడు గదా! ఇంజనును ఇంట్లో పెట్టుకుని పూజించడు గదా! ఎవరో ఒకరు కొంటారనే ధైర్యంతోనే వాడు రాత్రివేళ బయలుదేరుతాడు. పాటల పెట్టె దొంగతనాలు తగ్గటానికి కారణం కూడా ఇదే. పలకని పెట్టెను ఎవరూ కొనరు. రాగి మటుకు ఎప్పుడూ పలుకుతూనే ఉంటుంది గనక, అక్కడ కొనేవాడే ‘ఇది ఎక్కడిది?’ అని అడగాలి. కాల్చిన తీగ తెచ్చినవాణ్ణి ఆ ఒక్క ప్రశ్న అడిగి వెనక్కు పంపితే, అది కోటగోడ కంటే గట్టి కాపలా. దొంగసొమ్మని తెలిసీ కొనటం నేరం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను ఈ నేరానికి మూడేళ్ళదాకా జైలుశిక్ష వెయ్యవచ్చునని చెబుతున్నది.

మీరు చెయ్యగల పని

ఇది పెద్దవాళ్ళ సంగతి, మనకెందుకు అనుకోకండి. ఈ ఆదివారం మీరు చెయ్యగల పని ఒకటి ఉంది.

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకోండి. మీ సైకిలును మెల్లగా పడుకోబెట్టి, తొక్కుడుపలకల ఇరుసు ఉన్నచోట అడుగున చూడండి. బురద తుడిస్తే చాలా సైకిళ్ళకు అక్కడ ఒక అంకె కనిపిస్తుంది. దాన్ని రాసుకోండి. ఇంట్లో ఫోను తీసుకుని, పెద్దవాళ్ళను అడిగి, నక్షత్రం గుర్తు, చట్రం గుర్తు, సున్నా, ఆరు, మళ్ళీ చట్రం గుర్తు వరసగా నొక్కండి. తెర మీద 15 అంకెల గుర్తు వస్తుంది. దాన్నీ రాసుకోండి. రెండు సిమ్ములు పట్టే ఫోనయితే రెండు గుర్తులు వస్తాయి. టీవీ వెనకా, కుట్టుమిషను మీదా, పొలంలో మోటారు పలక మీదా ఉండే అంకెలు కూడా రాయండి. ఏ రోజు కొన్నదీ, ఏ కొట్లో కొన్నదీ అమ్మనూ నాన్ననూ అడిగి పక్కన రాయండి. రసీదు ఉంటే ఆ పుస్తకంలోనే దాచండి. ఏడాదికి రెండుసార్లు పుస్తకం తీసి, రాసినవన్నీ ఇంట్లో ఉన్నాయో లేదో సరిచూడండి.

ఆ పుస్తకాన్ని ఆ వస్తువులతోపాటు పెట్టకండి. ఫోను గుర్తును ఫోనులోనే రాసుకుంటే, ఫోను పోయిన రోజున గుర్తూ పోతుంది.

ఎప్పుడైనా ఎవరైనా ‘చాలా చౌకగా ఇస్తాను, రసీదు మటుకు అడగవద్దు’ అని ఏదైనా వస్తువు అమ్మజూపితే, కొనబోయే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ వస్తువు ఏ ఇంటి పుస్తకంలో రాసి ఉన్నదో, ఏ చీనీ తోటకు నీళ్ళు పెట్టవలసినదో ఆలోచించండి.